నీళ్ళ కింద రెండు మాటలే

పుష్య బహుళ అష్టమి. నీరు మెత్తగా ఉంది.

శిక్షణలో ఉన్నవాళ్ళ గురించి ఎప్పటికప్పుడు రాసి పంపాలని గట్టు బోర్డు ఆజ్ఞ. వాళ్ళకు పంపేది వేరు. అందులో "అభ్యర్థి పురోగతి సంతృప్తికరం" అని రాస్తే చాలు, ఎవరూ చదవరు. ఇది నా కోసం రాసుకుంటున్నది. తారీఖుల బదులు తిథులు వేసుకుంటాను. తిథి చూస్తే ఆ రోజు పోటు ఎంత ఉందో, నీళ్ళు ఎంత మొండికేశాయో కూడా గుర్తొస్తుంది. అష్టమి నాడు సముద్రం కాస్త తగ్గి ఉంటుంది. కొత్తవాళ్ళను ఆ రోజే రమ్మంటాను.

ఈరోజు వచ్చిన మనిషి పేరు లోవరత్నం. మెట్ట పిల్ల. పెళ్ళయి గట్టు మీదికి కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా సముద్రాన్ని కిటికీలోంచి తప్ప చూడలేదట. మొగుడు వీర్రాజు నా దగ్గర నేర్చుకున్నవాడే, లాకుల దగ్గర దిగుడు మనిషి. బురద నీళ్ళు అతని ఊపిరితిత్తులను తినేశాయి. ఇక దిగితే పైకి రాడని డాక్టరు చెప్పేశాడు. గట్టు మీద ఇల్లు కావాలంటే ఇంటికో దిగుడు మనిషి ఉండి తీరాలి. ఉగాదిలోగా లోవరత్నం లాకు పరీక్ష నెగ్గితే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే సామాను కట్టుకుని మెట్ట క్యాంపు రేకుల షెడ్లకు పోవడమే. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ దుమ్ములో వీర్రాజు ఎన్నాళ్ళుంటాడో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

సముద్రం పైకి వచ్చాక మిగిలిన ఊళ్ళకీ నీళ్ళకీ మధ్య ఉన్నది ఈ గట్టొక్కటే. దాని అడుగున లాకులు. లాకుల తలుపులకు ఇనుప చువ్వల వల. ఆ చువ్వలకు ఆల్చిప్పలు పట్టేస్తాయి, చిరిగిన వలలు చుట్టుకుంటాయి. గీకకపోతే వెనకున్న ఊళ్ళ మురుగు బయటికి పోదు. మొదట యంత్రాలను దింపారు. అవి బురదలో ఇరుక్కుని పాడయ్యాయి. యంత్రాలు ఖరీదు కాబట్టి మనుషులను దింపారు.

లోవరత్నం ముందు ఒక స్టీలు బేసిన్ పెట్టి ముఖం ముంచమన్నాను.

"ఇంతేనాండీ పిన్నిగారూ?" అంది. ఇంతే అన్నాను. వెంటనే రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుంది.

అందరూ అంతే. గోదావరిలో ముక్కు మూసుకుని మూడు మునకలు వేసిన జాతి మనది. నీళ్ళు కనబడితే చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుంది. ముక్కు పట్టుకున్న చెయ్యి తాడును పట్టుకోలేదు, నా సగం జీవితం ఈ ఒక్క అలవాటును మాన్పించడానికే పోయింది. చెయ్యి తీసేయమన్నాను. తీసింది. ముఖం నీళ్ళకు తగలగానే "లోవ తల్లీ!" అని గట్టిగా అరిచింది, నోటినిండా నీళ్ళు పోయాయి, దగ్గుతూ కూలబడింది.

"తల్లిని తర్వాత పిలుచుకుందువు గాని, ముందు ఊదు," అన్నాను.

"ఏటి ఊదాలండీ?"

"నీ భయాన్నే. నోట్లోంచి బుడగల్లాగా వదిలెయ్."

అప్పటికి నవ్వింది. నవ్విన మనిషికి నేర్పడం తేలిక.

పుష్య అమావాస్య. పెద్ద పోటు.

గట్టుకు అలలు తగిలి ఇళ్ళు అదురుతున్నాయి. ఇలాంటి రోజు ఎవరినీ నీళ్ళలోకి పంపను. బేసిన్‌తోనే సాగింది. ముక్కు పట్టుకోకుండా ముఖం ముంచడం వచ్చింది. నోటితో ఊదడం వచ్చింది. కళ్ళు తెరవడం మాత్రం రావడం లేదు. అడుగున నా ఉంగరం వేసి, చేత్తో తడమకుండా కళ్ళతో చూసి తియ్యమన్నాను. తీసింది, కళ్ళు ఎర్రగా చేసుకుని.

వీర్రాజు గుమ్మంలో కూర్చుని దగ్గుతూ, "ఇంట్లో కూడా ఇదేనండి. పప్పు కడిగిన నీళ్ళలో కూడా మొహం పెట్టేత్తంది," అన్నాడు. మొగుడు వెటకారం చేస్తున్నాడని లోవరత్నానికి ఉక్రోషం వచ్చింది. "మీరు దిగలేకే కదా నేను దిగుతున్నది," అనేసింది. అనేశాక నాలిక్కరుచుకుంది. వీర్రాజు లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను ఆ మాట విననట్టే బేసిన్‌లో నీళ్ళు మార్చాను.

రథసప్తమి.

ఈరోజు ఎలాగూ అందరూ జిల్లేడాకులు, రేగుపళ్ళు నెత్తిన పెట్టుకుని తలస్నానం చేస్తారు కదా, అదే పాఠం చేసేశాను. మా శిక్షణ జరిగేది మునిగిపోయిన రైస్‌మిల్లులో. పైకప్పు ఎప్పుడో ఎగిరిపోయింది. వడ్లు ఆరబోసే కళ్ళంలో నీళ్ళు రొమ్ములదాకా ఉంటాయి. గోడౌన్‌లో నిలువెత్తు దాటుతాయి. చివర బాయిలర్ గొయ్యి, అక్కడ అడుగు కనబడదు. కళ్ళం, గోడౌన్, గొయ్యి. ఒకటి రాకుండా రెండోది చెప్పను. నాకు తొందరపెట్టేవాళ్ళంటే ఒళ్ళు మంట.

నెత్తిన ఆకులతో కళ్ళంలో పూర్తిగా మునగమన్నాను. మునిగింది. ఆకులు పైకి తేలాయి, మనిషి తేలలేదు. భయపడి చూద్దును గదా, అడుగున కూర్చుని బుడగలు ఊదుతోంది. పైకి వచ్చి, "ఆకులు తేలినై గానీ నేను తేల్లేదేంటండీ?" అంది.

"ఆకు బిగుసుకుపోదు. నువ్వు కట్టెలా బిగుసుకుపోయావు."

వెల్లకిలా పడుకోబెట్టి తల కింద నా అరచెయ్యి పెట్టాను. మెడ రాయిలా ఉంది. "వదులు చెయ్యి," అన్నాను. మెడ వదులైంది. "వదులు చెయ్యి," అన్నాను. భుజాలు. మళ్ళీ అన్నాను. నడుము. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ఒడ్డు మీద నేను ఎంత వాగుడుకాయనైనా, నీళ్ళలో రెండు మాటలకు మించి చెప్పను. ఊదు నెమ్మదిగా. తాడు పట్టు. వదులు చెయ్యి. పైకి రా. భయపడిన మనిషి చెవికి మూడో మాట ఎక్కదు. ఇది నేను పెట్టుకున్న నియమం. నా దగ్గర నేర్చుకున్న ప్రతి దిగుడు మనిషికీ తెలుసు.

ఎప్పుడు తీశానో నాకే తెలియనంత నెమ్మదిగా చెయ్యి తీసేశాను. లోవరత్నం తేలుతోంది. కళ్ళు ఆకాశం వైపు ఉన్నాయి. చెవులు నీళ్ళలో ఉన్నాయి. ముఖంలో గీత లేదు. ఈ ముఖం కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నాను. జీతానికైతే ఎప్పుడో మానేద్దును.

మాఘ పౌర్ణమి. పెద్ద పోటు.

గోడౌన్ పాఠాలు అయిపోవచ్చాయి. అడుగున పడేసిన తూనికరాళ్ళు ఏరుకొస్తోంది. కళ్ళకు గంతలు కట్టి, తాడు పట్టుకుని గోడౌన్ ఈ కొస నుంచి ఆ కొసకు పొమ్మన్నాను. పోయి వచ్చింది. లాకుల దగ్గర నీళ్ళు గంజిలా ఉంటాయి, కళ్ళు ఉన్నా లేనట్టే. అక్కడ తాడే కన్ను. తాడు వదిలితే పైకి ఎటో, పక్కకు ఎటో తెలియదు, తలుపు లాగే వైపుకు మనిషి పోతాడు. "ప్రాణం వదిలినా తాడు వదలకు," అని ఒడ్డు మీద ఎన్నిసార్లు చెప్పానో. విసుగొచ్చి, "చచ్చాక కూడా పట్టుకునే ఉంటాలెండి," అంది.

మధ్యాహ్నం బోర్డు సెక్రటరీ తాతాజీగారు వచ్చారు. వెంట ఒక పెట్టె. అందులో ఉన్నదానికి బోర్డు పెట్టిన పేరు పలకాలంటే ఒక గుక్క ఊపిరి కావాలి. మేము మొప్ప అంటున్నాం. ముఖానికి తగిలించుకుంటే చెవుల కింద రెండు రేకులు ఆడుతూ నీళ్ళలోంచి గాలి లాగి ఇస్తుంది.

"మరిడమ్మగారూ, ఇంక మీ బేసిన్లూ బుడగలూ అక్కర్లేదండి. ఇది తగిలించుకుంటే ఎవరైనా చేపలా తిరగొచ్చు," అన్నారు.

"చేపకు భయం వేస్తే ఏం చేస్తుందండీ?"

"ఏం చేత్తంది?"

"పారిపోతుంది. మా మనిషి పారిపోకుండా చువ్వలు గీకాలి కదా."

తాతాజీగారు చెడ్డవారు కాదు. నవ్వేశారు. కానీ వెళ్ళేముందు అసలు సంగతి చెప్పారు. ఇకనుంచి పరీక్ష నాడు గురువు నీళ్ళ కింద ఉండకూడదు. మొప్ప ఉండగా ఇంకో మనిషి ఎందుకని బోర్డు అభిప్రాయం. ఇన్నేళ్ళూ ప్రతి పరీక్షకూ శిష్యుడి పక్కనే, చెయ్యి అందే దూరంలో నేను ఉన్నాను. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

మాఘ బహుళ షష్ఠి.

మొప్పలు తయారుచేసిన వాళ్ళ తరఫున ఒక అమ్మాయి వచ్చింది, పేరు సంహిత. ఇంజినీరు. వచ్చీ రాగానే చెప్పులు విప్పి నా ముందు నేల మీద కూర్చుంది. దాంతో సగం కోపం పోయింది.

"మేడమ్, మొప్పలో ఒక గొంతు ఉంటుంది. మనిషి ఒంట్లో ఏ భాగం బిగుసుకుపోయినా, గుండె వేగం పెరిగినా కనిపెట్టి, ఏం చెయ్యాలో చెబుతుంది. మొదట వేరే వాళ్ళ గొంతు పెట్టాం. ఇక్కడివాళ్ళు అది విని ఇంకా కంగారు పడ్డారు. మరిడమ్మగారు చెబితే వింటాం అన్నారు."

పొగిడితే పడిపోయే మనిషిని కాదని నా మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. పడిపోయాను. పైగా ఇంకో ఆలోచన కూడా ఉంది. నన్ను కిందికి దిగనివ్వకపోతే ఏం, నా మాటైనా దిగుతుంది కదా అనుకున్నాను.

ఆ అమ్మాయి నా పద్ధతి అంతా అడిగి తెలుసుకుంది. కింద రెండు మాటలకు మించి చెప్పకూడదన్న నియమం వినగానే కళ్ళు మెరిశాయి. "ఇది చాలా ముఖ్యం మేడమ్, గట్టిగా పెట్టేస్తాను," అంది. నేను ఒక్కొక్క మాటా పలికాను. పట్టు, ఊదు, నెమ్మదిగా, వదులు, చెయ్యి, కాలు, మెడ, తాడు, పైకి, రా. అవసరాన్ని బట్టి మొప్పే మాటలు కలుపుకుంటుందట. తర్వాత అన్నీ వినిపించింది. నా గొంతు నాకే ముచ్చటగా అనిపించింది. బాగున్నాయని సంతకం చేశాను.

ఫాల్గుణ శుద్ధ నవమి. నీరు మెత్తగా ఉంది.

లోవరత్నం మొప్ప తగిలించుకుని గొయ్యిలోకి దిగింది. నేను ఒడ్డున కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాను. పనిలేని గురువు ఇంకేం చేస్తుంది? పక్కన సంహిత పెట్టిన స్పీకరులోంచి నా గొంతు వినబడుతోంది. "ఊదు నెమ్మదిగా." "వదులు చెయ్యి." నేను నోరు కదపకుండా నా మాటలు వినబడుతుంటే ఒళ్ళు జలదరించింది.

పైకి వచ్చి లోవరత్నం మొప్ప తీసింది. ముఖం వెలిగిపోతోంది.

"మీరు నా చెవిలోనే కూర్చున్నట్టుందండీ పిన్నిగారూ! ఇంక నాకు బయ్యం లేదండి. మీరు ఏదంటే అదే. ఆలోచించేదేం లేదు."

అదే నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది. మెదడు ఆలోచించేలోపే ఒళ్ళు వినాలని ప్రతి ఒక్కరికీ చెబుతాను. అయినా ఎందుకో ఆ మాట నాకు రుచించలేదు. అసూయ కావచ్చు, నా గొంతు మీద నాకే.

తాతాజీగారి దగ్గరికి వెళ్ళాను. మిల్లులో నీళ్ళు నిలవ నీళ్ళు, లాకు దగ్గర నీళ్ళు లాగుతాయి, పరీక్షకు ముందు ఒక్కసారి నాతో లాకులోకి దిగనివ్వండి అని అడిగాను. "ఒకళ్ళకిస్తే అందరికీ ఇవ్వాలండి," అన్నారు. ఇస్తే ఏమవుతుందని అడిగితే నీళ్ళు నమిలారు.

ఫాల్గుణ బహుళ అష్టమి.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే పడవలో లాకు దగ్గరికి వెళ్ళాం. నేను, సంహిత, తాతాజీగారు, తాడు పట్టే ఇద్దరు మనుషులు. వీర్రాజుకు దగ్గు ఎక్కువై రాలేదు. లోవరత్నం పసుపు రాసుకుని వచ్చింది. దిగేముందు నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే తిట్టాను. "ఇల్లు నిలబెట్టి వచ్చేత్తానండి," అని నీళ్ళలోకి జారింది.

స్పీకరు వింటూ కూర్చున్నాను. "తాడు పట్టు." "ఊదు నెమ్మదిగా." బాగానే పోతోంది. చువ్వలు గీకుతున్న చప్పుడు వచ్చింది. పెద్ద ఆల్చిప్పల గుత్తి ఊడినట్టుంది, తలుపులో దారి తెరుచుకుని నీళ్ళు ఒక్కసారి లాగాయి. సంహిత చేతిలోని పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. కింద లోవరత్నం గుండె వేగం పెరిగింది. "వదులు చెయ్యి," అంది నా గొంతు. సరిగ్గానే అంది. నేనైనా అదే అందును. కానీ ఎర్ర దీపం ఆరలేదు. లోవరత్నం తాడును పీకనొక్కినట్టు పట్టుకుని ఉంటుంది. పట్టుకోవాలి కూడా.

అప్పుడు నా గొంతు, అదే నెమ్మదితో, అదే ముద్దుతో అంది: "చెయ్యి వదులు."

ఏం వింటున్నానో నాకు అర్థమయ్యేలోపే తాడు పట్టుకున్న మనిషి, "తాడు సడలిపోయిందండీ!" అని అరిచాడు.

మొప్పకు నేను చెప్పేది వినే చెవి లేదు. పడవలో నుంచి నేను ఎంత అరిచినా కిందకు పోదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని దూకేశాను. ముసలి ఊపిరి. కొసకు రాయి కట్టిన ఆ తాడు వెంబడి అడుగుదాకా వెళ్ళి, చువ్వలు తడుముకుంటూ పక్కకు పోయాను. చువ్వలకు అతుక్కుపోయి దొరికింది. నీళ్ళు ఆమెను వీపుతో చువ్వలకు నొక్కేశాయి, మొప్ప చెవి మీదికి జరిగిపోయింది, నోట్లో బురద. ఎలా పీకానో, ఎలా లేచానో తెలియదు. పైన ఇద్దరూ లాగారు.

పడవలో బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కితే నల్లటి నీళ్ళు వచ్చాయి. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. ఎందుకు వదిలావే అన్నాను. ఏడుస్తున్నాను అప్పటికే.

లోవరత్నం నన్నే చూస్తూ అంది, "మీరే కదండీ వదలమన్నారు."

ఫాల్గుణ బహుళ దశమి.

సంహిత వచ్చింది. రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేదు. దాచకుండా చెప్పింది.

"చెయ్యి బాగా బిగుసుకుపోయింది మేడమ్. 'చెయ్యి వదులు చెయ్యి' అనాలి. అంటే చేతిని కాస్త వదులు చేసుకో అని. కానీ రెండు మాటలకు మించకూడదని పెట్టాం కదా. చివరి మాట కోసేసింది."

ఆ మాటలను నోట్లో తిప్పుకున్నాను. వదులు చెయ్యి. చెయ్యి వదులు. అవే రెండు మాటలు. ఒకటి బతికిస్తుంది, ఒకటి చంపుతుంది. ఇంకే భాషలో అయినా ఈ చావు వచ్చి ఉండేది కాదేమో.

"నేనూ తెలుగుదాన్నే. అది అలా కలుస్తుందని నాకు తట్టలేదు. కలిపి ఒక్కసారి నోటితో అనుకున్నా తట్టేది. తప్పు నాదే మేడమ్," అని ఏడ్చింది. మొప్పలో సరిదిద్దేశామంది. ఇక అలా అనదంది.

సంహితను తిట్టాలని ఉంది. తాతాజీగారిని తిట్టాలని ఉంది. నా నియమాన్ని, పొగడ్తకు పొంగిపోయిన నన్ను తిట్టుకోవాలని ఉంది. ఒళ్ళంతా మండుతోంది గానీ ఎవరి మీద మండాలో తేలలేదు. ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చి పంపించాను. నా గొంతు తీసేయమని అడిగాను. అది ఇప్పుడు బోర్డు సొత్తట.

ఫాల్గుణ బహుళ ఏకాదశి.

బోర్డు గదిలో తాతాజీగారు నియమం చదివారు. తాడు వదిలిన అభ్యర్థి ఉత్తీర్ణులు కారు.

"వదలమన్నది మీ మొప్పేనండీ!"

"మొప్ప చెప్పేది సలహా అండి. తాడు వదలకూడదన్నది నియమం."

"ఆ సలహా నా గొంతుతో చెప్పింది. నా గొంతు వింటే ఆలోచించొద్దని నేర్పింది నేను."

"గొంతు మీదే, సంతకమూ మీదేనండి," అన్నారు. అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. నియమాల పుస్తకం మూసేసి, "అమావాస్య లోపల ఇంకోసారి దిగి చూపిస్తే నేను సంతకం పెట్టేత్తాను. మొప్ప లేకపోయినా సరే. మీరు పక్కనున్నా సరే," అన్నారు.

వచ్చేటప్పుడు దాదాపు పరిగెత్తాను. నేను పక్కనుంటే చాలు. లోవరత్నం గట్టెక్కేస్తుంది.

ఫాల్గుణ బహుళ త్రయోదశి.

మొదటినుంచీ మొదలుపెట్టాలి కాబట్టి బేసిన్ పెట్టాను. లోవరత్నం ఎదురుగా కూర్చుంది. వీపు మీద చువ్వల అచ్చులు ఇంకా ఉన్నాయి.

"ముఖం ముంచు," అన్నాను.

ఆమె ఒళ్ళు ఒక్కసారి కట్టెలా బిగుసుకుపోయింది. రెండు చేతులూ పీట అంచును పట్టుకున్నాయి. వేళ్ళు తెల్లబడ్డాయి. నీళ్ళ భయమేమో అనుకున్నాను. బేసిన్ దూరంగా జరిపేసి, పోనీలే, కాసేపు కబుర్లు చెప్పుకుందాం అన్నాను. బిగుసుకుపోవడం ఇంకా ఎక్కువైంది. ఊపిరి అందడం లేదు, నోరు తెరిచి దగ్గుతోంది. బేసిన్ అక్కడ లేనే లేదు.

"పిన్నిగారూ," అంది నేల చూస్తూ. "మీరు ఏమీ అనుకోకండేం. మాట్లాడకండి. మీ గొంతు వింటే ముక్కులోకి నీళ్ళు వచ్చేత్తన్నట్టుందండి."

నోరు మూసుకున్నాను. సైగలతో చెప్పాను. బేసిన్ మళ్ళీ ముందుకు జరిపి, నేనే ముఖం ముంచి చూపించాను. లోవరత్నం ప్రయత్నించింది, చెయ్యలేదనకూడదు. పెదాలు నీళ్ళకు తగిలాయి. అంతే, వెనక్కి పడిపోయింది.

"మీరు మాట్లాడకపోయినా వినపడతందండీ," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

వీపు నిమరడానికి చెయ్యి చాపాను. ఏ మాటా లేకుండా నిమరడం నాకు చేతకాలేదు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఆ సాయంత్రమే ఆమె ఇంటి మీద ఆశకు నీళ్ళొదులుకుంది. సామాను సర్దడం మొదలుపెట్టింది.

ఫాల్గుణ అమావాస్య. పెద్ద పోటు.

రేపు ఉగాది. మెట్ట క్యాంపుకు వెళ్ళే పడవ ఈరోజే వచ్చింది. మిల్లు వైపు నుంచి స్పీకరులో నా గొంతు వినబడుతోంది. కొత్త బ్యాచ్‌ను నేరుగా మొప్పలతో దింపేశారు. దాని మాటలు వింటూనే రేవుకు నడిచాను.

వీర్రాజు మూటలు ఎక్కిస్తున్నాడు, మూటకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ. లోవరత్నం పడవ చివర, ఇటు వీపు పెట్టి కూర్చుంది. నేను వచ్చానని తెలుసు. తిరగలేదు.

వీర్రాజు నన్ను చూసి దగ్గరకు వచ్చాడు.

"మీరొత్తారని అనుకుంటన్నానండి. అదే అంతా చెప్పిందండి నాకు. చెయ్యి జారిపోయిందంట. పిన్నిగారు ఎంత బాగా నేర్పినా తనకే ధైర్యం చాల్లేదంట. మీ మీద ఈగ వాలనివ్వట్లేదండి అది."

వదలమన్నది నా గొంతని మొగుడికి కూడా చెప్పలేదు. ఇల్లు పోతున్నా నా గొంతు మీద నింద పడనివ్వలేదు.

"రెండు రోజుల్నించీ అన్నం తినట్లేదండి," అన్నాడు వీర్రాజు. "మీ మాటంటే దానికి ఎంత గురో మీకు తెల్సుగదా. ఓ మాట చెప్పండి పిన్నిగారూ. వెళ్ళేముందు ఓ ధైర్యం మాట."

లోవరత్నం వీపు బిగుసుకుంది. అతను అడిగినదానికి నేను ఎక్కడ నోరు తెరుస్తానోనని భయపడుతోంది. రెండు చేతులూ పడవ అంచును పట్టుకున్నాయి.

నేను తల అడ్డంగా ఊపాను.

వీర్రాజు అర్థం కానట్టు చూశాడు. "ఒక్క మాటేనండీ," అన్నాడు. మళ్ళీ ఊపాను. అతని ముఖం నెమ్మదిగా మారిపోయింది. అంతవరకూ ఉన్న మర్యాద అంతా పోయి, పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"సరేలెండి. ఇల్లు పోయినోళ్ళతో మాటలెందుకు," అన్నాడు.

జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి. తెరవలేదు. అతను పడవ ఎక్కాడు. పడవ కనుమరుగయ్యేదాకా రేవులోనే నిలబడ్డాను, ఒక్క మాట కూడా మాట్లాడకుండా.